చెల్లెలి పేరున పెట్టిన సంతకం

తొర్రూరులో ఎరువుల దుకాణం నడిపే ఉప్పలయ్యకు రెండేళ్ల కింద తన ఇంట్లోనే ఉంటున్న చెల్లెలు స్రవంతి పేరు మీద ఒక కవరు వచ్చింది. ఆస్ట్రేలియాలో ఉంటున్న ఆమె భర్త అక్కడి కోర్టులో విడాకులు అడుగుతూ పంపించిన నోటీసు అది. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని ఉప్పలయ్య తనే చెల్లెలి పేరున సంతకం పెట్టి తీసుకుని, బీరువాలో దాచేశాడు. స్రవంతి హాజరు కాలేదని అక్కడ విడాకులిచ్చేశారు. ఆ తీర్పు ఇక్కడా చెల్లుతుందని ప్రకటించమంటూ భర్త ఇప్పుడు మహబూబాబాద్ కోర్టుకెక్కాడు.

"నాకు ఏ నోటీసూ రాలే సార్," అంది స్రవంతి, అన్నతో కలిసి తమ వకీలు దగ్గరికి వెళ్లినప్పుడు.

భర్త కోర్టులో దాఖలు చేసిన, నోటీసు అందినట్టున్న రశీదు నకలు వకీలు చూపించాడు. "మరి గీ సంతకం ఎవలిదమ్మా?"

స్రవంతి ఆ అక్షరాలు చూసి అన్న వైపు తిరిగింది. ఉప్పలయ్య తలెత్తలేకపోయాడు.

"నేనే పెట్టిన సార్. జడ్జి ముంగట గూడ చెప్త."

"ఆయన ఫోన్ ఎత్తుతలేడని నేను ఏడుస్తుంటే పక్కనే కూసుంటివి గదనే," అంది స్రవంతి.

అన్నట్టుగానే అతను బోనెక్కి అందరి ముందూ చెప్పాడు. నోటీసు ఆమెకు అందనే లేదు గనుక ఆ తీర్పు చెల్లదన్నాడు జడ్జి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఉప్పలయ్య సంచి పెట్టి ఆమె కోసం పక్క సీటు ఆపాడు. స్రవంతి ముందుకెళ్లి ఆడవాళ్ల మధ్య నిలబడింది. అతను సీటు మీది సంచి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.