రెండేళ్ళ మావగారి బుగ్గ

కాపురానికి వచ్చిన మూడో రోజే, నవ్వాపుకోవడం ఎంత కష్టమో కనకదుర్గకు తెలిసొచ్చింది. వంటింటి గుమ్మంలో నిలబడి అత్తగారు మాణిక్యాంబ, "ఏవండీ, కాస్త పాలు తాగుతారా?" అని అడుగుతోంది. అడిగించుకుంటున్న పెద్దమనిషి నేలమీద బోర్లా పడుకుని చీమతో మాట్లాడుతున్నాడు. వయసు రెండేళ్ళు. ఒంటిమీద మొలతాడు తప్ప మరేం లేదు.

సంగతేమిటంటే, మాణిక్యాంబ భర్త దశరథరామయ్యగారికి ఎడమ బుగ్గ నుంచి మెడదాకా నేరేడుపండు రంగులో పెద్ద పుట్టుమచ్చ ఉండేదట. ఆయన పోయిన ఏడాదికి పెద్దకోడలు రత్నానికి కొడుకు పుట్టాడు. మంత్రసాని గుడ్డ తొలగించి చూపిస్తే ఎడమ బుగ్గమీద అదే మచ్చ! ఇంక వాదనేముంది? ఆయనే తిరిగొచ్చాడు. పేరూ ఆయనదే, పీటా ఆయనదే, ముందు విస్తరీ ఆయనకే. రేపల్లెలో ఆ వీధి వీధంతటికీ తెలిసిన సంగతి. తెనాలి కాలేజీలో బి.ఎస్సీ. చదివిన కనకదుర్గకు మాత్రం పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదు.

"చెప్పుంటే ఇంకా తొందరగా ఒప్పుకునేదాన్నండీ," అంది భర్త పూర్ణచంద్రరావుతో. "మావగారి ముక్కు తుడిచే భాగ్యం ఎంతమంది కోడళ్ళకి దొరుకుతుంది?"

"నవ్వకు. నాన్నకి కోపం వస్తుంది," అన్నాడతను మహా గంభీరంగా. అని తనే ముందు నవ్వేశాడు.

మాఘమాసపు చలికి పిల్లవాడి బుగ్గ పొడిబారింది. చిన్న పొక్కులు లేచాయి. గోకాడు. రసి కారి పెచ్చు కట్టింది. వింతేమిటంటే, ఆ దురదంతా మచ్చమీదే. కుడి బుగ్గ వెన్నముద్దలా ఉంది. ఎడమవైపు కూడా మచ్చ అంచు దాటి ఒక్క పొక్కు లేదు.

"ఆయనకి కోపం వచ్చింది. లేకపోతే సరిగ్గా మచ్చమీదే ఎందుకొస్తుందే?" అని మాణిక్యాంబ తేల్చేసింది.

కోపం దేనికో తెలియదు కనుక అన్నీ చేశారు. అటకమీంచి ఆయన పడక్కుర్చీ దింపారు. ఆయన ఇత్తడి గ్లాసు తోమి అందులోనే పాలు పోశారు. చివరికి ఆయనకిష్టమైన చుట్ట కూడా తెప్పించి ముందు పెట్టారు. మావగారు దాన్ని తుంచి చీమలకు పంచిపెట్టారు. కనకదుర్గ నవ్వు దాచుకోవడానికి పెరట్లోకి పరుగెత్తింది.

దురద మాత్రం తగ్గలేదు. పిల్లవాడికి నిద్ర లేదు. రత్నం వాడి చేతులకు మెత్తటి గుడ్డలు చుట్టి, కళ్ళు వాచేలా ఏడ్చింది. అది చూశాక కనకదుర్గకు నవ్వు రాలేదు.

"అత్తయ్యగారూ, తెనాలిలో చర్మవ్యాధుల డాక్టరుగారున్నారు. చూపిద్దామండీ."

"వద్దు."

"ఎందుకండీ? చూడండి ఎలా గోక్కుంటున్నాడో!"

మాణిక్యాంబ చీర చెంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది. "మందు రాస్తే మచ్చ చెరిగిపోతే? ఒకసారి పోగొట్టుకున్నానమ్మాయ్. మళ్ళీనా?"

కనకదుర్గకు చప్పున ఆమెను కౌగిలించుకోవాలనిపించింది. కొత్తకోడలు అలా చేయొచ్చో లేదో తెలియక ఆగిపోయింది. ఆగిన ఆ క్షణంలోనే ఆలోచన తట్టింది. ఇంటిపెద్ద ఉండగా ఆడవాళ్ళం మనం తేల్చేదేమిటి? చెంగు భుజం చుట్టూ కప్పుకుని, పడక్కుర్చీ ముందుకు వెళ్ళి వినయంగా నిలబడింది.

"మావయ్యగారూ, రైలెక్కి తెనాలి వెళ్దామాండీ?"

"లైలు!" అన్నారు మావగారు, కుర్చీలో ఎగిరి నిలబడి. "కూ..!"

"విన్నారుగా అత్తయ్యగారూ. ఆయన మాట మీరెప్పుడైనా కాదన్నారా?"

"కాపురం చేసినన్నాళ్ళూ ఒక్కసారి కాదన్లేదు..." అంటూనే మాణిక్యాంబకు తాను చిక్కుకుపోయినట్టు అర్థమైంది. "ఎంత గడుసుదానివే!" అని చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళింది.

తెనాలిలో డాక్టరు శివరామయ్యగారు, రత్నం ఒళ్ళో ఉన్న పిల్లవాడి బుగ్గను వెలుతురుకు తిప్పి నిదానంగా చూశారు.

"ఇవి రెండమ్మా. ఈ మచ్చ పుట్టుకతో వచ్చింది. అక్కడ చర్మం కింద సన్నటి రక్తనాళాలు ఉబ్బి ఉంటాయి. ఈ దురదా, రసీ ఎగ్జిమా. కొత్తగా వచ్చి దానిమీద కూర్చుంది. కొందరు పిల్లలకి మచ్చ ఉన్నచోటే ఇలా వస్తుంది. ఎందుకో మాకూ సరిగ్గా తెలీదు. పూతమందు పల్చగా రాయండి, సబ్బు మానండి, గోళ్ళు కత్తిరించండి. తగ్గిపోతుంది."

తర్వాత ఆయన కళ్ళజోడు తీసి, మొహం చిన్నబుచ్చుకున్నారు. "ఒక్క మాట. ఆశ పెట్టుకోకండి. దురద పోతుందిగానీ మచ్చ మాత్రం పోదు."

మాణిక్యాంబ లేచి నిలబడింది. "పోదా?"

"పోదమ్మా."

"బాగా రాసినా?"

"ఎంత రాసినా పోదు. దానికి మా దగ్గర మందు లేదు. ఏమీ అనుకోకండి."

"జన్మంతా ఉంటుందా బాబూ?"

"జన్మంతానండి," అన్నారాయన నేరం ఒప్పుకుంటున్నట్టు.

"నీ కడుపు చల్లగుండ నాయనా!" మాణిక్యాంబ రెండు చేతులూ ఆయన నెత్తిన పెట్టింది. డాక్టరుగారు ఆ చేతుల కింద తలెత్తలేక, కనకదుర్గ వంక దీనంగా చూశారు. ఆమె చెంగు నోట్లో కుక్కుకుంది. ఇన్నాళ్ళూ ఏడ్చిన రత్నమే ముందు పకాలుమని నవ్వింది.

తిరుగు రైల్లో ఇల్లు చేరేదాకా కూడా ఆగలేదు మాణిక్యాంబ. బండి తెనాలి పొలిమేర దాటకముందే ట్యూబు మూత తీసి, "కదలకండి" అని బతిమాలుతూ తన వేలితోనే రాసింది.

వారం తిరిగేసరికి పెచ్చులు రాలిపోయాయి. పిల్లవాడు బుగ్గ మాటే మరిచి, అరుగంతా పాకి చీమల వెంటపడ్డాడు. మాణిక్యాంబ వాణ్ణి ఎత్తుకుని ఎండలోకి తెచ్చి, ఎడమ బుగ్గ వీధివైపు తిప్పి నిలబడింది.

పక్కింటి కోటేశ్వరమ్మ ఆగి చూసింది. "అయ్యో, దురద పోయిందిగానీ మచ్చ అలాగే ఉండిపోయిందే పిన్నీ!"

"అలాగే ఉంది! ఆవగింజంతైనా తగ్గలేదు!" అని మాణిక్యాంబ లోపలికి కేకేసింది. "దుర్గా, ఇంత బెల్లం పట్రావే, కోటేశ్వరమ్మ నోరు తీపి చేద్దాం!"