ఫీపే మామ్మ చాప

బుధవారం వచ్చిందంటే మా ఊరి ఆడవాళ్ళెవరూ ఇళ్ళల్లో దొరకరు. సవాయి దీవిలో సముద్రానికి ఎదురుగా, గోడలు లేని నేతసావిడిలో మఠం వేసుకుని కూర్చుని మొగలాకు చాపలు అల్లుతుంటారు. ఎండబెట్టిన ఆకుని ఒకరు గోటితో సన్నగా చీలుస్తారు, ఒకరు అల్లుతారు, ఊరి కబుర్లు మాత్రం అందరూ చెబుతారు. మధ్యాహ్నం కోకో కాచుకుని, కొబ్బరిపాల బన్నులు తిని, మళ్ళీ చాపల మీద పడతారు.

వాళ్ళల్లో పెద్దది ఫీపే మామ్మ. పదకొండేళ్ళుగా ఒకటే చాప అల్లుతోంది. ఆ చాప మీద కూర్చుని అబద్ధమాడితే కాళ్ళు చచ్చుబడతాయి. నిజం చెప్పేదాకా లేవలేరు. కొందరి ఇంటి కుక్కకి కరిచే గుణం ఉంటుంది చూడండి, ఆ చాపకి ఇదీ గుణం. ఊళ్ళో ఎవరి పందైనా పోతే చాప వేస్తారు. పేకాటలో పేచీ వచ్చినా చాప వేస్తారు. ఓసారి పాస్టరుగారు దాని మీద కూర్చుని కోకో తాగుతూ "మీరంతా నాకు సమానమే" అన్నారు. పాపం, గంటన్నర అక్కడే ఉండిపోయారు. చివరికి "పాటల్లో శ్రుతి కలపనివాళ్ళంటే కాస్త చిరాకు" అని ఒప్పుకుని లేచి వెళ్ళారు.

సంఘం డబ్బు దాచేది మలాయే. ముప్ఫై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తురాలు, ఒకరి జోలికి పోదు. అక్టోబరులో మాకు తెల్ల ఆదివారం వస్తుంది. ఆ రోజు రాజ్యమంతా పిల్లలదే. తెల్లబట్టలు వేసుకుని చర్చిలో వాక్యాలు అప్పజెబుతారు, భోజనానికి ముందు వాళ్ళే కూర్చుంటారు, పెద్దవాళ్ళు వడ్డిస్తారు. ఈ ఏడు ఊళ్ళో ఉన్న ముప్ఫై ఎనిమిది మంది పిల్లలకీ కొత్తబట్టలు ఉండాలని ఆడవాళ్ళు పట్టుబట్టారు. ఏడాదంతా ప్రతి శనివారం రోడ్డు పక్కన బన్నులు అమ్మి కూడబెట్టారు. ఆ బట్టలు ఫోన్లో కొనే పని మలాయేకి అప్పగించారు.

ఇంకా పద్దెనిమిది రోజులుందనగా ఒక బుధవారం మలాయే ఆలస్యంగా వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. పరధ్యానంగా వచ్చి ఫీపే మామ్మ చాప కొస మీద కూర్చుని ఆకు చేతిలోకి తీసుకుంది.

"ఏమే మలాయే, బట్టలు ఎందాకా వచ్చాయి?" అంది ఇలాయిసా. ఆవిడ నోరు ఊరికి రెండో చర్చి గంట. "నా మనవరాలు పొద్దున్నే లేచి దుప్పటి చుట్టుకుని అద్దం ముందు తిరుగుతోంది."

"ఓడెక్కాయి వదినా. వచ్చేవారం దిగుతాయి."

కోకో మరిగింది. అందరూ లేచారు. మలాయే లేవలేదు.

"రావేం?"

"నాకు ఆకలి లేదు. మీరు కానివ్వండి."

ఫీపే మామ్మ అల్లిక ఆపి కళ్ళద్దాల మీంచి చూసింది. "ఎందాకా పట్టేసింది?" అని మెల్లగా అడిగింది.

"మోకాళ్ళ దాకా ఉండేది మామ్మా. ఆకలి లేదన్నాక నడుము దాకా వచ్చింది." అంటూనే మలాయే భోరుమంది. "బట్టల్లేవు, ఓడా లేదు. డబ్బంతా పోయింది."

కోకో పొంగి పొయ్యిలో పడ్డా ఎవరూ చూడలేదు.

జరిగింది ఇదీ. ఫోన్లో ఒక కొట్టు కనిపించింది. తెల్లబట్టల్లో బొద్దుగా నవ్వుతున్న మన పిల్లల్లాంటి పిల్లల ఫొటోలు, ధర చూస్తే సగం. ఏమిటా అని అడిగితే సామ్యూల్ అనే వాడు జవాబిచ్చాడు. మాది కూడా మీ చర్చే అక్కా, మా నాయనమ్మది మీ ఊరే అన్నాడు. ఇంకేం కావాలి? బంధువునని గుమ్మంలోకి వచ్చినవాడికి చాప పరుస్తాం గానీ, ఏదీ నీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పమని నిలదీస్తామా? అది మా వాళ్ళకి చేతకాదు. అవతల ఇంకో ఊరి వాళ్ళు అడుగుతున్నారు, ఇవాళే పంపెయ్యి అన్నాడు. మలాయే మంగళవారం పొద్దున మొత్తం పంపేసింది. సాయంత్రం వాడు రేవు పన్ను కట్టాలన్నాడు. అప్పుడు ఆమెకి అనుమానం వచ్చింది. మొహమాటపడుతూనే "తమ్ముడూ, మీ నాయనమ్మ ఊరి పలకరింపు ఒక్కసారి చెప్పు" అని రాసింది. మా దీవుల్లో ప్రతి ఊరికీ దాని పలకరింపు దానికి ఉంటుంది. ఊరి పెద్దల బిరుదులన్నీ వరసగా పలకాలి. పాలపళ్ళు ఊడని పిల్లలకి కూడా అది నోటికి వచ్చు. వాడు "హాయ్" అని రాశాడు.

"నిన్న సాయంత్రమే తెలిసిందా?" అంది ఇలాయిసా గొంతు పెంచి. "తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నావా? ఏడాది పాటు పిండి పిసికి నా భుజాలు పడిపోయాయే తల్లీ!"

"సిగ్గేసింది వదినా. నమ్మి నా చేతిలో పెట్టారు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"నువ్వు సిగ్గుపడ్డంతసేపూ వాడు హాయిగా ఉన్నాడు" అంది ఫీపే మామ్మ. "ఇలాయిసా, తిట్టడం తర్వాత. ముందు బ్యాంకుకి ఫోను చెయ్యి."

మలాయే కాళ్ళలోకి చీమలు పాకినట్టు ప్రాణం వచ్చింది. ఇలాయిసా బ్యాంకు అమ్మాయికి మొత్తం చెప్పింది. ఆపడానికి చూస్తాం, నిన్ననే చెప్పి ఉంటే బాగుండేది, ఇప్పుడైతే మాట ఇవ్వలేం అంది ఆ అమ్మాయి. అంతలో మలాయే ఫోను మోగింది. వాడే.

"తీసి చాప మీద పెట్టు" అంది ఫీపే మామ్మ. "అందరికీ వినబడేలా."

"మలాయే అక్కా!" తేనె పూసినట్టుంది గొంతు. "సామ్యూల్‌ని. పన్ను సంగతి మర్చిపోయావా? బట్టలు రేవులో తడిసిపోతున్నాయి. పోనీ ఒక పని చెయ్యి. నీ ఫోనుకి ఆరంకెల నంబరు వస్తుంది, అది నాకు చదివి చెప్పు చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

బ్యాంకు నుంచి వచ్చే ఆ నంబరు చెబితే ఖాతాలో మిగిలిన నాలుగు తాలాల డబ్బూ ఊడ్చుకుపోతాడని మలాయేకి ఇప్పుడు తెలుసు. "బట్టలు నిజంగా ఉన్నాయా తమ్ముడూ?" అంది.

"దేవుడి తోడు అక్కా, నా కళ్ళ ముందే..."

అవతల కుర్చీ పడ్డ చప్పుడు. తర్వాత మనిషి పడ్డ చప్పుడు. "ఇదేంటి... నా కాళ్ళు... నా కాళ్ళేమైపోయాయి?"

"నాయనా," అంది ఫీపే మామ్మ, "నువ్వు ఏ దేశంలో ఉన్నావో తెలీదు గానీ మా చాప మీదున్నావు. నిజం చెప్పి లే."

వాడు ఫోను పెట్టేశాడు. ఆడవాళ్ళు కోకో మళ్ళీ కాచుకుని బన్నులు తిన్నారు. పావుగంటలో వాడే చేశాడు.

"బట్టల్లేవు" అన్నాడు ఏడుపు గొంతుతో. నడుముకి ప్రాణం వచ్చిందట.

"మా ఊరిదన్నావే, ఆ నాయనమ్మ ఎవర్రా?" అని ఇలాయిసా ఉరిమింది.

"ఎవరూ లేరత్తా."

"అత్తా ఏమిట్రా నీ మొహం!"

"ఎవరూ లేరండీ." తొడలు వచ్చాయి.

"డబ్బు?" అంది మలాయే.

"ఇంకా తియ్యలేదు. సాయంత్రం తీద్దామనుకున్నాను."

"ఇప్పుడే వెనక్కి పంపు. నేను ఫోను పెట్టను, ఇక్కడే కూర్చున్నాను."

మలాయే ఫోను టింగుమంది. ఇలాయిసా రెండో ఫోనులో బ్యాంకు అమ్మాయిని అడిగింది. ఆ అమ్మాయి చూసి "పడిందండీ, మొత్తం పడింది!" అని తనే ఓ కేక పెట్టింది. సావిడి చప్పట్లతో అదిరిపోయింది. కోళ్ళు బెదిరి చెట్లెక్కాయి. ఇలాయిసా లేచి నడుం తిప్పుతూ డాన్సు మొదలుపెట్టింది.

"ఇక లేవచ్చా?" అన్నాడు వాడు.

"ఎందాకా వచ్చింది?" అంది ఫీపే మామ్మ.

"మోకాళ్ళు."

"అయితే నువ్వు ముంచింది మమ్మల్నొక్కళ్ళనే కాదన్నమాట" అంది మలాయే. "ఎవరెవరి డబ్బు తిన్నావో చదువు. ఒక్కొక్కళ్ళనీ చదువు."

వాడు చదివాడు. పడవ మోటారు కోసం డబ్బు కట్టిన ముసలాయన, ఉయ్యాల కొన్న బాలింత, కుక్కపిల్ల వస్తుందని గేటు దగ్గర ఎదురుచూస్తున్న చిన్నపిల్ల. ఒక్కొక్కరికీ పంపించాడు. పిక్కలు వచ్చాయి, మడమలు వచ్చాయి, పొద్దువాలేసరికి పాదాలు వచ్చాయి. ఒక్క చిటికెన వేలు మిగిలింది. అదే వస్తుందిలే అని వాడే ఫోను పెట్టేశాడు.

మర్నాడు మలాయే, ఇలాయిసా బస్సెక్కి రేవు పక్క బజారుకి వెళ్ళారు. తెల్లగుడ్డ తాను చేత్తో నలిపి, వెలుతురులో పట్టి చూసి, బేరమాడి తెచ్చారు. ఊళ్ళో ఉన్న నాలుగు కుట్టుమిషన్లూ పదిహేను రోజులు ఆగలేదు. ఇలాయిసా కుట్టినంతసేపూ మలాయేని తిడుతూనే ఉంది, మలాయే కొలతలు తీస్తూనే ఉంది. ఒక్క పిల్లకి చేతులు కొంచెం పొడుగయ్యాయి. ఆ పిల్ల మాత్రం అదే ఫ్యాషనని ఊరంతా చెప్పుకుంది.

తెల్ల ఆదివారం నాడు ముప్ఫై ఎనిమిది మంది పిల్లలూ వరసకట్టి చర్చికి నడిచారు. చూస్తుంటే మలాయేకి కడుపు నిండిపోయింది. భోజనాల దగ్గర పిల్లలకి పంది మాంసం, టారో దుంపలు వడ్డిస్తుండగా మలాయే ఫోను మోగింది. నంబరు చూసి ఫీపే మామ్మ వైపు తిరిగింది. మామ్మ చాప పరిచింది. "నీ దొంగ. నువ్వే మాట్లాడు" అంది.

మలాయే చాప మీద కూర్చుని ఫోను పక్కన పెట్టుకుంది.

"చిటికెన వేలు ఇంకా రాలేదండీ" అన్నాడు వాడు. తేనె లేదు ఆ గొంతులో. "డాక్టరు ఏమీ లేదంటున్నాడు. అందరికీ ఇచ్చేశాను, ఒట్టు."

"నీ పేరు సామ్యూలేనా?" అంది మలాయే.

"కాదు" అన్నాడు. తర్వాత అసలు పేరు చెప్పాడు. వాళ్ళమ్మ పెట్టిన పేరట, ఆవిడ పోయాక ఎవరికీ చెప్పలేదట. చెప్పి ఏడ్చాడు. ఆ వెంటనే కాళ్ళు నేలమీద ఆడించిన చప్పుడు స్పష్టంగా వినిపించింది. ఆ పేరు నేనిక్కడ రాయను. ఇప్పుడెక్కడో చేపల రేవులో మూటలు మోసుకుంటున్నాడట, బతకనిద్దాం.

ఇలాయిసా గిన్నె పక్కన పెట్టి నడుం మీద చేతులేసుకుంది. "సరేగానీ మలాయే, వచ్చే ఏడు సంఘం డబ్బు ఎవరి దగ్గర పెట్టాలి? చాప మీదున్నావు, చూసి మాట్లాడు."

పిల్లలు కూడా నమలడం ఆపి చూశారు.

"నా దగ్గరే పెట్టండి" అంది మలాయే. "ఇంకెప్పుడూ మోసపోనని మాత్రం అనను వదినా. ఎవరికి పంపాలన్నా ముందు మీ అందరికీ చూపిస్తాను. అప్పటికీ మోసపోతే, ఆ పూటే వచ్చి చెప్తాను."

చెప్పి, మోకాలి మీద చెయ్యైనా ఆన్చకుండా ఒక్క ఊపున లేచి, వడ్డనకి వెళ్ళిపోయింది.