నీలం ముదిరిన నీళ్లు

మూడో చేప కూడా పక్కకు ఒరిగింది. లింగమూర్తి చొక్కా చేతులు భుజాల దాకా మడిచి, స్టూలెక్కి, ఆ చేపను వలలో ఎత్తి బకెట్‌లో వేశాడు. పసుపు పచ్చని చేప. మద్రాసు నుంచి ప్లాస్టిక్ సంచిలో రైలెక్కి వచ్చి ఏడాది బతికింది.

"ఎస్సై ఐదింటికి వస్తుండు." వెనక సోఫాలోంచి జగపతిరావు గొంతు. "గప్పటిదాకనే నీకు టైం. నీళ్లల్ల మందు కలిపింది ఎవలో నువ్వు చెప్తవా, నువ్వే కలిపినవని నన్ను చెప్పుమంటవా?"

గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది.

కరీంనగర్‌లో అది పంతొమ్మిది వందల తొంభై ఒకటో సంవత్సరం. పోలీసు జీపు ఎక్కిన మనిషి ఇంటికి తిరిగొస్తాడని ఎవరూ గట్టిగా చెప్పలేని కాలం. లింగమూర్తికి ఆ సంగతి తెలుసు. తెలుసని జగపతిరావుకూ తెలుసు.

జగపతిరావుకు జగిత్యాల వైపు ఓ ఊళ్లో నూరెకరాల భూమి. నక్సలైట్ అన్నల భయానికి ఊరొదిలి ఆరేళ్ల కింద పట్నంలో ఈ బంగళా కట్టుకున్నాడు. ఊళ్లో పోయిన దర్జా ఇక్కడ కావాలి కదా. హాల్లో ఆరడుగుల గాజు తొట్టి పెట్టించి, అందులో సముద్రం చేపలు వేయించాడు. మంచినీళ్ల చేపలు పెంచే ఇళ్లు కరీంనగర్‌లో పది ఉన్నాయేమో, ఉప్పునీళ్ల తొట్టి మాత్రం ఇదొక్కటే. కొత్తగా బదిలీ మీద వచ్చే ప్రతి ఆఫీసరూ ఒకసారి వచ్చి చూసి టీ తాగి పోయేవాడు. బహ్రెయిన్ హోటళ్లలో ఆరేళ్లు ఇలాంటి తొట్లే కడిగి, కాపాడి వచ్చిన లింగమూర్తిని పనికి పెట్టుకున్నాడు.

లింగమూర్తి స్టూలు దిగి, వేలెడు గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టాడు. సీసాలోంచి పది చుక్కలు వేశాడు. చిటికెడు పొడి కలిపి ఊపాడు. అయిదు నిమిషాల్లో నీళ్లు సిరా రంగుకు తిరిగాయి.

"గిది మందు కాదు రావుసాబ్, ఫాస్ఫేటు," అన్నాడు గొట్టం వెలుతురుకు పట్టి. "నీళ్లల్ల ఫాస్ఫేటు ఎంత పెరిగితే గీ నీలం అంత ముదురుతది. దాన్ని తినుకుంట పాచి పెరుగుతది. తెల్లారేసరికి పాచే గాలంత గుంజుకుంటది, చేపలకు ఊపిరాడది."

"బహ్రెయిన్ పోయొచ్చినంక దొర అనే నోరు పడిపోయింది నీకు. రావుసాబట." జగపతిరావు గొట్టం వైపు చూడను కూడా లేదు. "నీ తమ్ముడు పోయి అన్నలల్ల కలిసె. నువ్వు నా ఇంట్ల చేపలు సంపుతుంటివి. ఎస్సైకి గీ రెండు మాటలు చాలు."

ఫోను మోగితే లేచి లోపలి గదిలోకి పోయాడు.

తమ్ముడి పేరు ముత్యం. బంగళా వెనకున్న జగపతిరావు తోటలో ట్రాక్టరు నడిపేవాడు. తమకు రాసిచ్చిన కౌలు భూమి మళ్లీ దొర కలుపుకున్నాడని పదిమందిలో అడిగాడు. ఆ వారంలోనే కనిపించకుండా పోయాడు. అడవిలోకి పోయిండు అని జగపతిరావే ఊరంతా చెప్పించాడు. తల్లి ఐలవ్వ నమ్మింది. ఎడమ కాలు కుంటే మనిషి అడవిలో ఎట్లా నడుస్తాడని లింగమూర్తికి లోపల ఉండేది. పైకి అనలేదు. అట్లా పైకి అన్నవాళ్ల ఇంటికి జీపులు వచ్చేవి.

ఎనిమిది నెలలైంది. సరిగ్గా ఆ ఎనిమిది నెలలుగానే నీళ్లలో నీలం పెరుగుతూ వస్తోంది. ఆ రెంటికీ సంబంధం ఉంటుందని అతనికి తట్టలేదు. తట్టే వీలూ లేదు.

ఇన్నాళ్లూ చేయవలసిందంతా చేశాడు. పెరటి బావి నీళ్లు పరీక్షించాడు, తేటగా ఉన్నాయి. బొంబాయి ఉప్పు డబ్బా మార్చాడు. చేపలకు వేసే రొయ్యల పొట్టును మూడుసార్లు కడిగాడు, మేత సగానికి తగ్గించాడు. ఫిల్టరు దూది రోజూ మార్చాడు. పాన్‌డబ్బా సున్నం నానబెట్టి, పైన తేరిన నీటిని చుక్క చుక్కగా తొట్టిలోకి వదిలాడు. సున్నం ఫాస్ఫేటును పట్టి కిందికి దించుతుందని బహ్రెయిన్‌లో నేర్చుకున్నాడు. సగం నీళ్లు తోడి కొత్త నీళ్లు పోస్తే నీలం వెలిసేది. రెండు రోజులు. మూడో రోజు మళ్లీ సిరా.

బయటి నుంచి వస్తుంటే కొత్త నీళ్లతోనే రావాలి. కొత్త నీళ్లలో లేదు. అంటే ఊట తొట్టి లోపలే ఉంది.

అతను ఇంజెక్షను సిరంజికి సన్నటి గొట్టం తగిలించాడు. తొట్టి అడుగున ఎడమ మూల నుంచి కొంచెం నీళ్లు గుంజాడు. మధ్య నుంచి కొంచెం. కుడి మూల పెద్ద రాయి వెనక నుంచి కొంచెం. మూడు గొట్టాలు వరుసగా నిలబెట్టి చుక్కలు వేసి కూర్చున్నాడు. గడియారంలో మూడూ యాభై అయింది.

ఎడమది నీలం. మధ్యది నీలమే. కుడిది దాదాపు నలుపు.

చచ్చిన చేప ఏదో రాయి వెనక ఇరుక్కుని కుళ్లుతోంది అనుకున్నాడు. బొక్క, అంటే ఎముక, ఎక్కడుంటే ఫాస్ఫేటు అక్కడుంటుంది. చేప తలకాయ ఒక్కటి చాలు. అతనికి ప్రాణం లేచొచ్చింది. ఆ తలకాయ తీసి ఎస్సై ముందు పెడితే సరిపోతుంది.

"గా మూల చెయ్యి పెట్టకు లింగమూర్తీ."

దేవుని గది గడప మీద ఇందిరాదేవి నిలబడి ఉంది. జగపతిరావు భార్య. తొట్టి కుడి అంచు ఆ గడపను ఆనుకునే ఉంటుంది. శుక్రవారం పూజ కాగానే అక్కడి నుంచే గుప్పెడు మరమరాలు నీళ్లలోకి వేసేది, బాసరలో గోదారి చేపలకు వేసినట్టు. లింగమూర్తి వద్దని బతిమాలితే మూడు వారాల కింద మానేసింది.

"మరమరాలు మల్ల ఏసినవా దొరసానీ?"

"ఏయలే."

"మరి చెయ్యి ఎందుకు పెట్టొద్దంటున్నవు?"

ఆమె చూపు లోపలి గది వైపు తిరిగింది. లోపల ఫోనులో జగపతిరావు ఎవరితోనో నవ్వుతున్నాడు. గడియారం నాలుగు కొట్టింది.

లింగమూర్తి రాయి జరిపాడు. ఇసుకలోకి మోచేయి దాకా దించాడు. వేళ్లకు మెత్తగా గుడ్డ తగిలింది. లాగితే బరువుగా వచ్చింది. పాత పట్టు జాకెట్టు గుడ్డ, నాలుగు చెంగులూ కలిపి ముడి. నేల మీద పెట్టి ముడి విప్పాడు.

చేప తలకాయ కాదు. కాలిన బొక్కలు. తెల్లగా, గుల్లగా, గోటితో గీరితే రాలేలా. ఎనిమిది నెలలు ఉప్పునీళ్లలో నాని అంచులు అరిగిపోయాయి. వాటి మధ్య జానెడు స్టీలు పట్టీ. ఆరు రంధ్రాలు. నాలుగింటికి మరలు.

ట్రాక్టరు బోల్తా పడి ముత్యం కాలు విరిగినప్పుడు లింగమూర్తి సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఆపరేషన్‌కు ముందు డాక్టరు ఈ పట్టీని అతని చేతిలోనే పెట్టి చూపించాడు. ఆరు పడవు, నాలుగే బిగిస్తానన్నాడు.

అతను పట్టీ మీది ఇసుక బొటనవేలితో తుడిచాడు. మళ్లీ తుడిచాడు. తుడుస్తూనే ఉన్నాడు.

ఇందిరాదేవి వచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆ ఇంట్లో ఆమె పనివాళ్ల ముందు నేల మీద కూర్చోవడం అదే మొదలు. తలెత్తకుండా చెప్పింది. ఆ రాత్రి తోటలో మోటారు కొట్టం దిక్కు ముత్యం అరుపులు, తన మొగుని గొంతు విన్నదట. పొద్దున్నే పోయి చూస్తే పత్తికట్టె బూడిద కుప్ప ఇంకా వేడిగా ఉంది. పాలేర్లు లేవకముందే చేతులు కాలుతున్నా ఏరింది. మూడో రోజు గోదారిలో కలపకుంటే ఆ పిలగానికి గతులుండవని భయపడింది. కానీ బాసర పోదామంటే కారు తోలేది డ్రైవరు అంతయ్య. ఆమె ఏ గుడి మెట్టు ఎక్కిందో కూడా అంతయ్య ఆ సాయంత్రమే దొరకు చెప్తాడు.

"గోదారి పోయి కలిసేది సముద్రంలనే కద," అంది. "గా సముద్రం నీళ్లు ఇంట్లనే ఉండె. నువ్వే చెప్తివి."

చెప్పాడు. మొదటిసారి తొట్టి నింపిన రోజు, ఇవేం నీళ్లని ఆమె అడిగితే, ఉప్పు కలిపిన లెక్కంతా చెప్పే ఓపిక లేక సముద్రం నీళ్లు దొరసానీ అనేశాడు. అవి పెరటి బావి నీళ్లు. బొంబాయి డబ్బాలోని ఉప్పు. ఆ మాట ఇప్పుడు ఆమెకు చెప్పలేకపోయాడు.

జీపు పది నిమిషాలు ముందే వచ్చింది.

ఎస్సై కోస్తా మనిషి, బదిలీ మీద వచ్చి నాలుగు నెలలైంది. వెనక ఇద్దరు కానిస్టేబుళ్లు. జగపతిరావు లోపలి నుంచి చేతులు చాస్తూ వచ్చి, నేల మీద గుడ్డను చూసి ఆగాడు. ఒక్క క్షణమే.

"సూసిండ్రా సార్. చేపలే అనుకున్న, మనుషులను గూడ సంపి తెచ్చి నా ఇంట్ల దాచిండు."

లింగమూర్తి లేచి పట్టీ చేతిలో పట్టుకుని చెప్పాడు. ఇది తన తమ్ముడి కాలిదని, మరలు నాలుగే ఉంటాయని, ఆపరేషన్ చేసిన డాక్టరు పట్నంలోనే ఉన్నాడని. ఎస్సై పట్టీ తీసుకుని రెండు వైపులా తిప్పి చూసి, రుమాలులో చుట్టి జేబులో వేసుకున్నాడు. లింగమూర్తి చూపు ఆ జేబు మీదే నిలబడిపోయింది.

"ఎముకలు దొరికింది నీ చేతిలో," అన్నాడు ఎస్సై. "రోజూ ఈ తొట్టిలో చేతులు పెట్టేదీ నువ్వే. జీపెక్కు, మిగతాది అక్కడ మాట్లాడదాం."

కానిస్టేబులు అతని మోచెయ్యి పట్టుకున్నాడు. తడిగా జారింది. మళ్లీ గట్టిగా పట్టుకున్నాడు.

"ఆయన పెట్టలే," అంది ఇందిరాదేవి. "నేను పెట్టిన. సచ్చినంక నేనే ఏరి తెచ్చిన."

"నువ్వు లోపటికి నడువు," అన్నాడు జగపతిరావు.

ఆమె కదల్లేదు. ఎస్సై మొహంలో చిరాకు కనిపించింది. సాయంత్రం టీకి వచ్చిన మనిషికి ఇది అనుకోని పని.

"ఎవరు చంపారో మీకు తెలుసా అమ్మగారూ?"

"మా ఇంట్ల ఆయన."

హాలు తలుపు దగ్గర వంటమనిషి దేవవ్వ, ఆమె వెనక అంతయ్య, గేటు కాపలావాడు. అందరూ విన్నారు. ఎస్సై వాళ్లనూ, జగపతిరావునూ ఒకసారి చూసి, కలం తీసి మూత విప్పకుండా పట్టుకున్నాడు.

"ఆయన అంటే నేను రాసుకోలేనమ్మా. ఇంట్లో ఆయన అంటే డ్రైవరు కావచ్చు, ఇంకెవరైనా కావచ్చు. పేరు కావాలి. పేరు లేకపోతే ఇతన్ని తీసుకుపోతాను."

జగపతిరావు సోఫాలో కూర్చున్నాడు. నెమ్మదిగా సిగరెట్టు తీశాడు. ఈ దిక్కు దొరల ఇళ్లలో ఆడది మొగుని పేరు ఎత్తదు. రేషను కార్డు రాసేవాడు అడిగినా పక్కనున్న పిల్లలతో చెప్పిస్తుంది. ఎత్తితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని పెద్దల మాట. పెళ్లైన రోజు అత్తగారింటి గడప దగ్గర ఆడబిడ్డలు అడ్డం నిలబడి చెప్పించిన ఒక్కసారి తప్ప, ముప్పై ఏళ్లలో ఆ పేరు ఆమె నోట రాలేదు. ఆ సంగతి జగపతిరావుకు తెలుసు. కోస్తావాడైనా ఎస్సైకీ తెలుసు, అందుకే అడిగాడు.

"ఆమె చెప్పది సార్," అన్నాడు జగపతిరావు అగ్గిపుల్ల గీస్తూ. "పోనియ్యుండ్రి. వాన్ని తీస్కపోండ్రి."

కానిస్టేబులు లింగమూర్తిని గుమ్మం దాకా నడిపించాడు.

ఇందిరాదేవి గుడ్డ చెంగులు నాలుగూ కలిపి మళ్లీ ముడి వేసింది. రెండు చేతులతో ఎత్తుకుని లేచి నిలబడింది. మొగుని వైపు తిరిగి, గేటు దాకా వినబడేలా చెప్పింది.

"జగపతిరావు."