సగం సాక్ష్యం

సంగటి కెలుకుతూ దీవెన కట్టెను ఎడమచేతికి మార్చుకుంది. కుడిచేయి మళ్లీ బరువెక్కింది.

"ఏమ్మే, అంతా ఉండలే తగులుతాండాయి," అంది అత్త విశ్వాసమ్మ, తినడానికి కూర్చుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూనే.

 దీవెన ధ్యాసంతా చేతి మీదే ఉంది. పొద్దున తక్కువగా ఉండే వాపు సాయంత్రానికి పెరుగుతుంది. దుప్పట్లు పిండిన రోజు గాజులు కదలవు. దిండు మీద ఎత్తి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి దిగుతుంది. ఎందుకు? తనకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయిన నాటికి కూతురు బడికి పోతుండేది. ఇప్పుడు దానికే ఒక బిడ్డ. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజు డాక్టరు పిలిస్తే లోపలికి వెళ్లింది భర్త గాబ్రియేలు. తను బయట బల్ల మీద కూర్చుంది. "అంతా తీసేసినారంట, భయం ల్యా," అంటూ వచ్చాడు. అంతా అంటే ఏమేమి? తన ఒంట్లోంచి పోయినవేమిటో తనకే తెలియకపోవడం ఆమెకు వింతగా తోచేది. ఎప్పుడడిగినా ఒకటే మాట: "బతికినావు గదా, ఇంకేం కావల్ల?"

"కడపకు పోయి చూపించుకుంటా," అంది ఆ పూట.

గాబ్రియేలు ముద్ద పక్కన పెట్టాడు. "వచ్చే ఆదివారం కృతజ్ఞత కూడిక. ఏటేటా సంఘం ముందర నిలబడి, నా భార్యను ప్రభువు పూర్తిగా స్వస్థపరిచినాడని సాక్ష్యం చెప్తాండా. నువ్వు పోయి ఆసుపత్రిలో కూచుంటే నా మాట ఏం గావల్ల?"

"విశ్వాసం సాలకపోతే అట్లే," అంది అత్త.

మాట ఆయనది, చేయి తనది అనుకుంది దీవెన. మరునాడు కమలాపురంలో ఒక్కతే బస్సెక్కింది.

కడపలో డాక్టరమ్మ బీపీ పట్టీ కట్టబోయి, కుడిచేతిని చూసి ఆగింది. "ఆపరేషన్ ఈ పక్కేనా? అయితే రెండో చేయి ఇవ్వండి. ఈ చేతికి బీపీ, సూదులు వద్దని మీకు చెప్పలేదా?"

"చెప్పింటారు మేడం. నాకు కాదు."

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "మీవాళ్లను కూడా పిలిపిద్దామా?"

"వద్దు. నాకే చెప్పండి. నిదానంగా."

రొమ్ముతో పాటు చంకలో గ్రంథులు కూడా తీశారట. చేతిలోని నీరు పైకి పోయే దారి అవేనట, అవి లేకే ఈ వాపట. దీవెన కళ్లు మెరిశాయి. ఇన్నేళ్లూ దిండు మీద చేయి పెట్టి తను కనుక్కున్నది సరైనదే! కాలకుండా, తెగకుండా చూసుకోవాలట. బిగువు తొడుగు వేసుకోవాలట. ఏటా పరీక్ష చేయించుకోవాలట. ఆమె ఒకదాని మీద ఒకటి అడుగుతూనే ఉంది.

ఆదివారం మందిరంలో గాబ్రియేలు గొంతు సవరించుకుని లేచాడు. ఆడవాళ్ల వైపు చాప మీద దీవెన కూడా లేచింది. తొడుగు వేసుకున్న చేతిని ఈసారి పైటతో కప్పుకోలేదు.

"మా ఇంటాయన ఏటా చెప్పేది నిజమే," అంది. "అయితే అది సగమే. తక్కింది నాకు మొన్ననే తెలిసింది. నేను చెప్తా."