చెప్పుల ధరకొచ్చిన జాకీ

వాషింగ్ మిషను మళ్ళీ నడిచింది. బట్టలు పిండేటప్పుడు ఎగిరెగిరి, గోడ పక్కన ఉండాల్సింది వరండా మధ్యకి వచ్చి నిలబడింది. ల్యాబుకి వెళ్ళేలోపే దాని సంగతి తేల్చాలని ఆమె మోటారుసైకిలు జాకీ కింద దూర్చి, పానాతో బోల్టు తిప్పి ఒక మూల పైకి లేపింది. అరిగిన కాలి కింద రబ్బరు ముక్క పెడుతుంటే భర్త తల తుడుచుకుంటూ వచ్చాడు.

"మేస్త్రిగారు పొద్దున్నే పనిలోకి దిగారే," అన్నాడు.

ఆ పేరు ఆయన పెట్టిందే. జాకీ మాత్రం ఆమె కొన్నది. ఆదివారం పూట ఆయన బండి గొలుసు కడిగి నూనె వేసే పని, పెళ్ళైన రెండో ఏడే ఎవరూ చెప్పకుండా ఆమె మీదికి వచ్చి పడింది. చక్రం నేల వదిలితే గొలుసు తిప్పడం సులువని మెకానిక్ షెడ్డులో చూసి, జత చెప్పుల ధరకే వస్తోందని తెచ్చుకుంది. "ఆడదానికి జాకీ ఏంటే, నలుగురూ నవ్వడానికా?" అన్నాడాయన. "మా రోజుల్లో గరిటె తిప్పడం వస్తే సరిపోయేది," అంది అత్తగారు. నవ్వినవాళ్ళు నవ్వారు గానీ, ఇంట్లో ఏది ఒరిగినా ఏది కుంగినా ఆ జాకీయే దిక్కయింది. వాటంతట అవి కుంగినవి తక్కువ. మంచం కోడు ఆయన తన్నుకి విరిగింది. వంటగది తలుపు ఆయన భుజానికి ఊడింది, అప్పుడు ఆమె తలుపుకి అవతల ఉంది. ఆయన ఆఫీసుకి వెళ్ళగానే ఆమె ఊడిన తలుపుని జాకీ మీద కావలసినంత ఎత్తుకి లేపి, బందులకి సరిపెట్టి మరలు బిగించేది. సాయంత్రానికి ఇల్లు ఏమీ ఎరగనట్టు ఉండేది. మరలు బిగిస్తూ ఒక్కోసారి అనుకునేది: నేను నిలబెడుతున్నది తలుపునా, ఈయన మంచితనాన్నా? చుట్టాలందరూ ఇల్లు అద్దంలా ఉందంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ తనే ఏదో దొంగతనం చేసినట్టు సిగ్గుపడేది. ల్యాబులో రక్తం తీస్తుంటే రోగులు సిరంజి మీద నుంచి చూపు తిప్పి ఆమె మణికట్టు మీది కమిలిన మచ్చ వైపు చూసేవారు. "పొడుగు చేతుల కోటు వేసుకోమ్మా, వచ్చినవాళ్ళు జడుసుకుంటారు," అన్నాడు ల్యాబు పెద్దాయన. ఎందుకు కమిలిందని మాత్రం అడగలేదు.

"నా నీలం చొక్కా ఏది?" గదిలోంచి భర్త గొంతు.

"బీరువాలో, రెండో అరలో. మీరే తీసుకోండి, నా చేతులకి గ్రీజు."

బీరువా తెరిచిన చప్పుడు రాలేదు. ఆ నిశ్శబ్దం ఆమెకి తెలుసు. పానా వదిలేసి, చేతులు చీరకి తుడుచుకుంటూ లోపలికి పరిగెత్తింది.

"మళ్ళీ అను," అన్నాడు.

"ఇస్తానండి, జరగండి."

"కాదు, ఇందాక అన్నది అను. 'మీరే తీసుకోండి' అన్నావుగా."

జుట్టు పట్టుకుని బీరువా తలుపుకేసి కొట్టాడు. రెండోసారి కొట్టినప్పుడు కనుబొమ మీద చిట్లి కంట్లోకి రక్తం దిగింది. కింద పడ్డాక కడుపులో తన్నాడు, అక్కడ దొరకనప్పుడు నడుము మీద తన్నాడు. ఆమె మంచం కిందికి పాకబోయింది గానీ మంచం ముందుకి పొడుచుకొచ్చిన ట్రంకుపెట్టె అడ్డొచ్చింది. అంతలో తల మీద ఇనుము కిర్రుమంది. ఆయన రెండు చేతులతో బీరువా పైఅంచు పట్టుకుని ముందుకి గుంజుతున్నాడు. ఆమె ఒళ్ళంతా పక్కకి లాక్కుంది, ఎడమ కాలు మిగిలిపోయింది. ఎముక విరిగిన చప్పుడు ముందు వినపడింది, నొప్పి తర్వాత తెలిసింది.

బట్టలన్నీ ఆమె చుట్టూ కుప్పగా పడ్డాయి. ఆయన వంగి, ఆమె చెంప పక్కనున్న నీలం చొక్కా తీసి దులిపాడు.

"తీసుకున్నాను," అన్నాడు.

గుమ్మంలో నిలబడ్డ అత్తగారు పక్కకి జరిగి కొడుక్కి దారిచ్చింది. ఆయన గుండీలు పెట్టుకుంటూనే వెళ్ళిపోయాడు. బయట బండి స్టార్టయింది.

బీరువా ఒక మూల ట్రంకుపెట్టె మీద ఆగింది కాబట్టి కాలు పూర్తిగా నుజ్జు కాలేదు. కానీ పెట్టె మూత కొద్దికొద్దిగా లోపలికి దిగుతోంది. అది దిగినప్పుడల్లా ఆమెకి కళ్ళు తిరుగుతున్నాయి. అత్తగారు వచ్చి బీరువా అంచు పట్టుకుని లాగింది. అంగుళం కదల్లేదు.

"నా వల్ల కాదే. సాయంత్రం వాడొచ్చి లేపుతాడులే. మంచినీళ్ళు తేనా?"

"సాయంత్రానికి కాలుండదు అత్తయ్యా. పక్కింటివాళ్ళని పిలవండి."

"పిలిచి ఏమని చెప్పను?"

ఆ ముసలామె ముఖంలో ఉన్నది దయ లేకపోవడం కాదు, భయం. ఇన్నేళ్ళూ అది గయ్యాళితనం అనుకుంది కోడలు. నేల మీద పడుకుని కింద నుంచి చూస్తే తెలిసింది, ఆమె గడ్డం వణుకుతోందని.

"సరే, ఎవర్నీ పిలవొద్దు. వరండాలో మిషను కింద నా జాకీ ఉంది. తెండి."

"అది నాకు తెలియదే."

"గరిటె తిప్పడం తెలుసు కదా? బోల్టుకి పానా తగిలించి ఎడమకి తిప్పండి, కిందికి దిగుతుంది. ఊడదీసి పట్టుకు రండి."

వరండాలో మిషను దబ్బున నేలకి దిగింది. అత్తగారు జాకీని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది.

"నా కాలి పక్కన, ఆ సందులో దూర్చండి. ఇంకా లోపలికి. ఇప్పుడు కుడికి తిప్పండి."

"తిరగట్లేదు."

"బరువు తగిలింది, అందుకే. రెండు చేతులూ వేసి తిప్పండి."

పానా జారి అత్తగారి వేళ్ళు బీరువాకి కొట్టుకున్నాయి. తోలు లేచి రక్తం వచ్చింది. ఆమె పమిటతో వేళ్ళు అద్దుకుని మళ్ళీ పట్టుకుంది. పావు చుట్టు, మరో పావు చుట్టు. ప్రతి చుట్టుకీ కోడలు పంటి కింద చీర కొంగు పెట్టుకుని మూలిగింది. ఇనుము మూలుగుతూ లేచింది. రెండు వేళ్ళ సందు వచ్చాక ఆమె తన కాలిని తనే రెండు చేతులతో పట్టుకుని బయటికి లాక్కుంది. అప్పుడు మాత్రం గట్టిగా అరిచింది. వీధి వీధంతా వినేలా అరిచింది. నోరు మూసుకోమని అత్తగారు అనలేదు.

ఆయాసం తగ్గాక ముసలామె చుట్టూ చూసింది. "ఇంకొంచెం తిప్పితే నిలబడుతుందేమోనే బీరువా. బట్టలు సర్దేద్దాం. వాడొచ్చి ఇలా చూస్తే మళ్ళీ..."

"దాన్ని ముట్టుకోకండి. ఫోనివ్వండి."

ఆసుపత్రిలో కాలు కర్రబద్దల మధ్య కట్టి, కనుబొమ మీద కుట్లు వేశాక నర్సు కాగితాల అట్ట పట్టుకుని వచ్చింది. ఎలా జరిగిందని అడిగింది.

"బీరువా మీద పడిందమ్మా," అంది అత్తగారు గబగబా. "పాతది, ఊగుతుంటుంది."

నర్సు రాయబోయింది.

"పడలేదండి," అంది మంచం మీద నుంచి ఆమె. "పడేశాడు."

పదకొండేళ్ళలో అతన్ని ఏకవచనంలో అనడం అదే మొదలు. నోట్లోంచి వచ్చాక గానీ ఆమెకీ తెలియలేదు.

"ఎవరు?"

"నా భర్త."

అత్తగారు మంచం ఊచ పట్టుకుంది. "కాస్త ఆలోచించవే," అంది. ఆవిడ చేతిలోని ఫోను మోగింది. కొడుకు. ఆమె దాని వంక చూస్తూ ఉండిపోయింది, ఎత్తలేదు. మోగి మోగి ఆగిపోయింది.

నర్సు కలం ఆపి గొంతు తగ్గించింది. "ఇలా రాస్తే పోలీసులకి కబురు వెళ్తుందమ్మా. మీరు చెప్పాల్సి వస్తుంది. రాయమంటారా?"

"రాయండి," అంది ఆమె. "ఇవాళ్టిది ఒక్కటే కాదు, మొదటి నుంచీ చెబుతాను. నెమ్మదిగా రాసుకోండి."