మూడో మూల కొలవకుండానే

ఇరవయ్యారేళ్ళు నేల మీద మోకాళ్ళు ఆనించి టైల్స్ పరిచినవాడికి కుర్చీ అంటే ఏమిటో, పుట్టినప్పటి నుంచీ కుర్చీలో కూర్చున్నవాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఇళ్ళు కట్టే ఆ కంపెనీలో సూపర్‌వైజర్ కుర్చీ ఒకటి ఖాళీ అయింది. ఇక వంగి చెయ్యక్కర్లేదు, నిలబడి చేయిస్తే చాలు. ఆ కుర్చీ మూలమట్టానికి కావాలి.

అతని అసలు పేరు పనిచోట ఎవరికీ గుర్తులేదు. అతను వేసిన మూల వెంట్రుకవాసి కూడా వంకర పోదు కాబట్టి అందరూ మూలమట్టం అనే పిలుస్తారు. మూలలైతే నిలిచాయి గానీ మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. పొద్దున్నే లేవాలంటే గోడ పట్టుకోవాలి. ఇలాగే ఇంకో రెండేళ్ళు చేస్తే గోడ పట్టుకున్నా లేవలేవని డాక్టరు మొహం మీదే చెప్పాడు.

కుర్చీకి ఇంజనీరు ఒక మెలిక పెట్టాడు. వచ్చే నెల మొదటి సోమవారం పరీక్ష రాయాలి. ఏడో తరగతి లెక్కలు, అందులోనూ త్రిభుజాలు. కొత్త ప్లాన్లలో హాళ్ళూ మెట్లూ అన్నీ ఏటవాలు మూలలేనట. మూలమట్టం సరిగ్గా ఆ పాఠం ముందే బడి మానేశాడు. మానేశాడనడం మర్యాదకి, తండ్రి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి సిమెంటు కలిపే చోట వదిలేశాడు.

ఆ పనికి తగినవాళ్ళు ఇద్దరే ఉన్నారు. అతనూ, అతని బావమరిదీ. భార్య తమ్ముణ్ణి పదిహేడేళ్ళ క్రితం వెంటబెట్టుకొచ్చి, టేపు పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది అతనే.

"ఇద్దరం పరీక్ష రాయం అని చెప్పేద్దాం," అన్నాడు మూలమట్టం. "మనం తప్ప దిక్కెవరున్నారు? కాగితం పక్కన పడేసి అనుభవం చూసి ఇస్తాడు. నాకిస్తే నాకు, నీకిస్తే నీకు."

"నీ మాటే నా మాట బావా," అంటూ బావమరిది చేతిలో చెయ్యి వేశాడు. "ఈ వయసులో నాకు పలకా బలపమా?"

ఆ నెలలోనే ఇంట్లో కూతురికి త్రిభుజాల పాఠం మొదలైంది. టైల్స్ కంపెనీవాళ్ళిచ్చే శాంపిల్ అట్టలు తండ్రి తెచ్చి పడేస్తే, వాటి వెనక తెల్లగా ఉన్నవైపు ఆ పిల్ల లెక్కలు చేసుకునేది. త్రిభుజం గీసి, ప్రతి కోణంలోనూ ఆకుపచ్చ పెన్నుతో ఒక కన్ను వేసేది. కనుపాప, రెప్పవెంట్రుకలు అన్నీ ఉండేవి. టీచరు తిట్టినా మానలేదు.

ఒక సాయంత్రం ఆమె త్రిభుజం కత్తిరించి, మూడు మూలలూ చింపి, మొనలు కలిపి నేల మీద పేర్చింది.

"చూడు నాన్నా, మూడూ కలిస్తే తిన్నటి గీత అయింది. నూట ఎనభై డిగ్రీలు. ఏ త్రిభుజమైనా అంతే."

అతను వంగి చూశాడు. ఇన్నేళ్ళలో కొన్ని వేల మూలలు కోశాడు, ఈ సంగతి ఎవడూ చెప్పలేదు. ఇంకోసారి చెయ్యమని అడగాలనిపించింది. నోరు మాత్రం వేరే మాటంది.

"చింపితే లెక్కలొస్తాయా? పాతికేళ్ళుగా కోస్తున్న చేతికి నువ్వు నేర్పుతావా? లే, అవతల ఊడ్చు."

పిల్ల ముక్కలు ఏరుకుని లేచిపోయింది.

శనివారం ఒక హాల్లో ఏటవాలు గోడ పక్కన మూడు మూలల ఖాళీ మిగిలింది. అలాంటి చోట మూలమట్టం అట్టతో నమూనా కోసి, దాన్ని పెట్టి టైలు కోస్తాడు. మూడో మూల మీద సిమెంటు బస్తాలు పేర్చి ఉన్నాయి. అవి తీయించమని చెప్పేలోపే బావమరిది మిగతా రెండు మూలలూ కొలిచాడు.

"అరవై అయిదు, నలభై అయిదు. అక్కడ డెబ్బై ఉంటుంది బావా. కోసెయ్."

"నువ్వు చూశావా?"

"చూడక్కర్లేదులే."

మూలమట్టం తిట్టుకుంటూనే కోశాడు. బస్తాలు జరిపి పెడితే ముక్క అచ్చు గుద్దినట్టు కూర్చుంది.

"ఎలా చెప్పావురా?"

"అంచనా బావా. నీ దగ్గర నేర్చుకున్నదేగా," అని నవ్వి బావమరిది టీ తేవడానికి వెళ్ళాడు. వెళుతూ, "సోమవారం నేను రాను. అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి," అన్నాడు.

పెన్సిల్ కోసం మూలమట్టం బావమరిది సామాన్ల పెట్టె తెరిచాడు. రసమట్టం కింద నాలుగైదు శాంపిల్ అట్టలున్నాయి. వెనక త్రిభుజాలు. ప్రతి మూలలోనూ రెప్పలతో సహా ఒక ఆకుపచ్చ కన్ను.

అట్టలు ఎలా ఉన్నవి అలాగే సర్దాడు. పెట్టె మూసి, వచ్చిన టీ తాగాడు.

సాయంత్రం ఇంటికి రాగానే కూతుర్ని పిలిచాడు.

"మామయ్యకి లెక్కలు చెబుతున్నావా?"

పిల్ల తల్లి వైపు చూసింది. ఆ చూపుతోనే అతనికి సగం తెలిసిపోయింది.

"నెల నుంచి చెప్తున్నా. ఆదివారం అమ్మమ్మా వాళ్ళింటికి వెళ్ళినప్పుడు."

"నాకు చెప్పొద్దన్నాడా?"

"నువ్వు బాధపడతావన్నాడు."

"ఎంత ప్రేమో," అన్నాడతను. భార్య వైపు తిరిగాడు. "నీకూ తెలుసు. అమ్మమ్మకి కాళ్ళు పట్టడానికి పంపిస్తున్నానన్నావు."

ఆవిడ గిన్నె కడగడం ఆపలేదు. "తెలుసు. ఇద్దరిలో ఒక్కడైనా ఆ నేల మీంచి లేవొద్దా?"

"ఆ ఒక్కడు నేనెందుకు కాలేదు?"

"వాడు పుస్తకం పట్టుకుని పిల్ల ముందు కూర్చున్నాడు. నిన్ను కూర్చోమనే ధైర్యం ఈ ఇంట్లో ఎవరికుంది?"

"చేతిలో చెయ్యి వేశాడే. రాయనన్నాడే."

"నువ్వు వెయ్యమంటే వేశాడు. నీ మాటకి ఎప్పుడైనా కాదన్నాడా?"

ఆ మాట నిజమే. నిజమైనంత మాత్రాన మంట చల్లారదు. పరాయివాడు నట్టేట ముంచితే ఒడ్డున నిలబడి ఏడవడానికి ఇంట్లోవాళ్ళుంటారు. ఇక్కడ ఇంట్లోవాళ్ళే వరసగా నిలబడి తోశారు.

"నీకూ చెప్తాను నాన్నా," అంది పిల్ల నెమ్మదిగా. "రేపు ఒక్కరోజులో అయిపోతుంది."

"వాడికి పెట్టగా మిగిలింది నాకొద్దు."

ఆదివారం పిల్ల లెక్కల పుస్తకం తనే తీసుకుని పెరట్లో కూర్చున్నాడు. బొమ్మలన్నీ తెలిసినవే. వాటి కింది మాటలే తెలియవు. 'అంతరాభిముఖ కోణాలు' అన్న మాట దగ్గర మూడుసార్లు నాలుక మడత పడింది. గుమ్మంలోంచి పిల్ల చూస్తోందని తెలిసి పేజీ తిప్పేశాడు, అంతా అర్థమైనట్టు.

సోమవారం ఇంజనీరు గదికి వెళ్ళేసరికి, అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సినవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. మూలమట్టాన్ని చూసి సగం లేచాడు.

"బావా, నేనే చెబుదామని..."

"కూర్చో. మీ అమ్మకి ఎలా ఉంది?"

బావమరిది తల దించుకున్నాడు. ఇంజనీరు రెండో కాగితం ఇచ్చాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద, పక్కపక్కన.

మూడు, నాలుగు, ఎనిమిది పొడవులతో త్రిభుజం వస్తుందా? రాదు. టైలు ముక్కలు పేర్చినవాడికి ఆ మాత్రం తెలుసు. చిన్నవి రెండూ కలిపినా పెద్దదాని అంచు అందుకోలేవు. అలాగే రాశాడు. రెండు కోణాలిచ్చి మూడోది అడిగారు. అదీ రాశాడు. నేల మీద పేర్చిన ముక్కలు చూసింది ఒక్కసారే అయినా మరిచిపోలేదు. తర్వాతి ప్రశ్న నుంచి అన్నీ పేర్లే. బాహ్యకోణమట. సమద్విబాహువట. ఏది దేనికి పేరో తెలిస్తే చిటికెలో చెప్పేవాడు.

ఆలోచిస్తూ ఊరికే తల తిప్పాడు. కాపీ కొట్టాలని కాదు, మెడ పట్టేసింది. బావమరిది గబుక్కున ఎడమ చెయ్యి కాగితం చుట్టూ అడ్డం పెట్టాడు, బళ్ళో పిల్లవాడిలా.

పదిహేడేళ్ళు ఒకే టిఫిన్ గిన్నెలో తిన్నారు. ఇతని టేపు అతని జేబులో, అతని చెప్పులు ఇతని కాళ్ళకి. అబద్ధం చెప్పినప్పుడు కూడా ఇంత కడుపు మండలేదు. మూలమట్టం పెన్ను మూసి, కాగితం అలాగే ఇచ్చేసి బయటికొచ్చాడు.

ఇంజనీరు అప్పటికప్పుడే దిద్దాడు. బావమరిదికి ఇరవైకి పదిహేడు. ఇతనికి ఆరు.

మధ్యాహ్నం హాలు మూలలో మూలమట్టం టైలుకి సిమెంటు పూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా వచ్చి గుమ్మంలో ఆగింది. చేతిలో ప్లాను చుట్ట.

"బావా, పైన మెట్ల దగ్గర మూల చాలా చిక్కుగా ఉంది. నువ్వయితేనే కుదురుతుంది. ముందు అది చూస్తావా?"

"సరే సార్."

"అలా పిలవకు బావా."

మూలమట్టం టైలు మీద చేత్తో నాలుగుసార్లు తట్టి, అంచు సరిచూసుకున్నాడు.

"ఇది ఆరాలి. ఆరాక వస్తాను సార్," అన్నాడు.