గోల బాబాయి ఉద్యోగం

ఖాళీ రేకు డబ్బాలను తాడుకు గుచ్చి, ఆ తాడు కొసను నడుముకు కట్టుకుని, గోల బాబాయి శిక్షణ మైదానం చుట్టూ ఒక చుట్టు పరిగెత్తి చూశాడు. డబ్బాలు అతని వెనక ఎగిరెగిరి పడ్డాయి. మోత సరిపోయిందో లేదో తేల్చుకోవడానికి ఆగి, మెడ పక్కకు వంచి ఆలోచించాడు. ఎక్కడో వెలితిగా తోచింది. ఇంకో రెండు డబ్బాలు గుచ్చి మళ్ళీ పరిగెత్తాడు. గోడ అవతలి క్వార్టర్సులో ఎవరో విసురుగా కిటికీ తలుపులు మూసుకోవడం కనబడింది. అప్పటికి అతని మనసు కుదుటపడింది.

పోలీసు అశ్వదళంలో అతని పని అదే, గోల చేయడం. కొత్త గుర్రాలు వీధుల్లోకి వెళ్ళే ముందు జనమంటే ఎలా ఉంటుందో చూడాలి. ఆ జనం మొత్తం గోల బాబాయి ఒక్కడే. డ్రమ్ము వాయించేది అతనే, మొహం ముందు టప్పున గొడుగు తెరిచేది అతనే, టార్పాలిన్ పట్టా దులిపేది, గుడ్డ ఉండలు విసిరేది, జెండా ఊపుతూ మీదికొచ్చేది అన్నీ అతనే. నినాదాలు కూడా అతనివే. ఎవరి మీదా పెద్దగా కోపం లేని మనిషి కావడంతో ఏమనాలో తోచక నోటికొచ్చింది అరిచేవాడు. "కొళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయ్! చెప్పాలి, చెప్పాలి!" "బావమరిది పెళ్ళికి పిలవలేదు! సిగ్గు, సిగ్గు!" రౌతులు నవ్వాపుకోలేక జీనుల మీదికి వంగిపోయేవారు. గుర్రాలు మాత్రం అతని మాటల్ని చాలా గంభీరంగా తీసుకునేవి.

పొట్టి మనిషి. డ్రమ్ము మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారిపోయింది. మీసాలు నెరిశాయి గానీ కనుబొమలు నల్లగానే ఉండిపోయాయి. ఏనాడో రౌతు కావాలని వచ్చాడు. ఎత్తు కొలిచే కర్ర దగ్గరే ఆగిపోవలసింది. కొలిచినాయన జాలిపడి, వేలెడు తక్కువైతేనేంలే అని ఒకసారి గుర్రమెక్కనిచ్చాడు. ఆ గుర్రం అతన్ని తిన్నగా దాణా గదిలోకి తీసుకుపోయి, తను దాణా తింటూ నిలబడింది. లాయం ఊడ్చే పనిచ్చారు, చేరాడు. ఒకరోజు మోసుకెళ్తున్న బకెట్లన్నీ చేజారి దొర్లితే, అప్పటి అధికారి తిట్టడం మానేసి, బెదిరిన గుర్రాల వంక చూసి, "ఈ పని రోజూ చెయ్యి" అన్నాడు. పిల్లాపాపా లేని ఇంట్లో భార్య, తను. పగలంతా అరిచి ఇంటికొచ్చాక గొంతు పెగిలేది కాదు. ఇంత నెమ్మదస్తుణ్ణి చూడలేదని చుట్టాలు చెప్పుకునేవారు.

ఎండ గోడ దాటి మైదానంలోకి దిగేసరికి లారీ వచ్చింది. కొండ కింద ప్రభుత్వ పెంపకం దొడ్డి నుంచి మూడు కుర్ర గుర్రాలు దిగాయి. వాటిని ఎంచడానికి రైడింగ్ మేడమ్, పశువుల డాక్టరు వచ్చారు. డాక్టరు కాళ్ళు నిమిరాడు, డెక్కలెత్తి చూశాడు, నోరు తెరిపించి పళ్ళు చూశాడు, ఛాతీకి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత మేడమ్ గోల బాబాయి వైపు తల ఊపింది.

మొదటిదాని ముందు గొడుగు తెరవగానే అది పగ్గం తెంపుకునేంత పని చేసి, ఆ మూలకు పోయి వణుకుతూ నిలబడింది. రెండోది అసలు భయపడనే లేదు. చెవులు వెనక్కి వాల్చి గొడుగును, దాంతోపాటు గోల బాబాయి చొక్కాను పట్టి కొరికింది.

"జనం మీద దీన్ని వదిలితే ఇంకేమన్నా ఉందా!" అంది మేడమ్.

మూడోది ఎర్రది. గొడుగు తెరుచుకోగానే అదిరిపడి నాలుగంగలు వెనక్కేసింది. ఆగింది. ముక్కుపుటాలు పెద్దవి చేసి చూసింది. మెల్లగా ఒక్కొక్క అడుగే ముందుకేసి వచ్చి, గొడుగు అంచును మూతితో తాకింది. మేడమ్, డాక్టరు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోలీసు గుర్రానికి భయం ఉండాలి, ఆ భయం వెంటే ఇదేమిటో చూద్దామన్న ఆసక్తీ ఉండాలి. ఎర్రది ఎంపికలో నిలిచింది. మిగతా రెండూ సాయంత్రం అదే లారీలో వెనక్కి పోతాయి.

"పెద్దాయన్ని తీసుకురండి" అంది మేడమ్.

పెద్దాయన ముదురు గోధుమరంగు గుర్రం. నుదుటి మీద, కళ్ళ చుట్టూ వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఒకప్పుడు స్టేడియం గేటు దగ్గర తొక్కిసలాటలో పడిపోయిన ఒకావిడను పొట్ట కింద ఉంచుకుని, జనం పలచబడేదాకా డెక్క కదపకుండా నిలబడిన గుర్రమది. ఇప్పుడు కొత్తవాటి పక్కన నిలబడడమే దాని పని. గోల బాబాయి చుట్టూ తిరుగుతూ ఎంత రభస చేసినా పెద్దాయన కళ్ళు సగం మూసి నిలబడేవాడు. కుర్రగుర్రాలు ఆయన వంక చూసేవి. ఈయనకే లేని బెంగ మనకెందుకన్నట్టు నెమ్మదించేవి.

ఎర్రదీ అలాగే నెమ్మదించింది. డబ్బాల మోతకు ఒళ్ళంతా అదురుతున్నా, పెద్దాయన భుజానికి భుజం ఆనించి నిలబడిపోయింది.

"చూశావా బాబాయ్, మా పెద్దాయనకి గుండె రాయి!" అంది పెద్దాయన జీను మీది నుంచి కానిస్టేబులమ్మాయి. చేరి రెండేళ్ళు కూడా కాలేదు. దళంలో అందరికంటే చిన్నది. లాయంలో అందర్నీ వరసలు పెట్టి పిలుస్తుంది.

గోల బాబాయి నవ్వలేదు. గుండె సంగతి కాదని అతనికి తెలుసు. వానలకు ముందు ఒకనాడు పెద్దాయన గడ్డి నములుతుండగా, వెనక చూరు మీది రేకు ఊడి గచ్చు మీద పడింది. లాయంలో ఉన్న గుర్రాలన్నీ ఎగిరిపడ్డాయి. పెద్దాయన చెవులు కూడా కదపలేదు. గుర్రం ధైర్యంగా నిలబడగలదేమో గానీ చెవి తిప్పకుండా ఉండలేదు. ఆ తర్వాత అతను చాటుగా చాలాసార్లు వెనకనుంచి చప్పట్లు కొట్టి చూశాడు, పేరు పెట్టి పిలిచాడు. గుర్రం నములుతూనే ఉంది. ఆ సంగతి కడుపులో దాచుకున్నాడు. పనికిరాదని తేలిన గుర్రాన్ని వేలంలో అమ్మేస్తారు. కొన్నవాడు మంచివాడే కావచ్చు, కాకపోవచ్చు. మైదానంలో నిలబడడానికి చెవులతో పనేముందని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

గుర్రాలను నీళ్ళకు విడిచేటప్పుడు మేడమ్ వచ్చి సాయంత్రం డ్యూటీలు చెప్పింది. స్టేడియంలో ఆట ఉంది. రెండు గుర్రాలు కుంటుతున్నాయి.

"పెద్దాయన్ని నువ్వు తీసుకెళ్ళు. గేటు దగ్గర నిలబడితే చాలు" అంది కానిస్టేబులమ్మాయితో.

ఆ మాట గోల బాబాయికి సరిగ్గా వినపడలేదు. పక్కవాణ్ణి అడిగి చెప్పించుకున్నాక చేతిలోని బకెట్టు కింద పెట్టేశాడు.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడే గానీ ముద్ద దిగలేదు. భార్య కుట్టుమిషను పక్కన కూర్చుని గుడ్డకు అంచు కుడుతోంది.

"ఏమండీ, కూరలో ఉప్పెక్కువైందా?" అంది. పలకలేదు. మిషను ఆపి, గొంతు పెంచి మళ్ళీ అడిగింది.

"ఉప్పు కాదే" అని, ఇన్నాళ్ళూ ఆమెకూ చెప్పని సంగతి చెప్పేశాడు.

ఆమె కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "వెనకనుంచి బండొస్తే దానికి తెలీదు. బెదిరితే ఆ పిల్లేం చేస్తుంది? అదసలే పిట్టంత ఉంటుంది."

"చెప్తే అమ్మేస్తారే."

"చెప్పకపోతే?"

అతను కంచం పక్కకు నెట్టాడు. "చెవులు వినపడకపోతే అమ్మేయడమేనా?" అన్నాడు, ఆమె మీద కేకేసినట్టు.

"అది మీ ఆఫీసువాళ్ళని అడగండి. మీకూ వినపడదుగా, నేను అమ్మేశానా?" అని ఆమె కళ్ళజోడు పెట్టుకుని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

చెయ్యి కడుక్కుని తిన్నగా లాయానికి వెళ్ళాడు. డాక్టరు ఎర్రదాని గిట్టలకు మందు రాస్తున్నాడు. మేడమ్ పక్కన నిలబడి ఉంది. కానిస్టేబులమ్మాయి పెద్దాయనకు జీను కట్టబోతోంది.

"సార్, ఒక్క మాట. పెద్దాయనకి చెవులు వినపడవు."

ఇంత గట్టిగా అనాలనుకోలేదు. లాయమంతా వినపడింది. వినపడనిది ఆ ఒక్క గుర్రానికే.

డాక్టరు చేతులు తుడుచుకుని లేచాడు. గుర్రం వెనక నిలబడి వేళ్ళతో ఈల వేశాడు. ఇనుప బకెట్టును కర్రతో బాదాడు. పక్క గుర్రాలు గింజుకున్నాయి. పెద్దాయన తోకతో ఈగను తోలుకున్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది మేడమ్.

"వానలకి ముందు నుంచి మేడమ్. తప్పు నాదే."

కానిస్టేబులమ్మాయి జీను దించి కింద పెట్టింది. "నాకూ తెలుసు మేడమ్. గొంతుతో చెప్తే కదలడు, కాలితో చెప్తేనే కదులుతాడు. అమ్మేస్తారేమోనని..." ఆమె గుర్రం మెడ మీద చెయ్యి వేసింది.

మేడమ్ మొహం కందగడ్డయింది. "ఇద్దరికిద్దరూ సరిపోయారు! జనంలో ఏమన్నా అయితే నువ్వు కిందపడి, ఇంకో పదిమంది నలిగి... ఎవరు చెప్పుకోవాలి జవాబు?" ఆమె అటూ ఇటూ నడిచింది. గోల బాబాయి తల వంచుకుని నిలబడ్డాడు. తిట్లలో సగమే అందుతున్నా, అందినవి చాలు. అయినా విచిత్రంగా ఊపిరి తేలిగ్గా ఆడుతోంది. అమ్మాయి ఈ రాత్రి ఆ గుర్రమెక్కదు. ఆ ఒక్కటీ ఖాయమైంది.

"ఇక వేలమేనా మేడమ్?" అన్నాడు.

ఆమె డాక్టరు వంక చూసింది. డాక్టరు గడ్డం గోక్కున్నాడు. "పెంపకం దొడ్డివాళ్ళు ఏడాదిగా నా ప్రాణం తీస్తున్నారు. పిల్ల గుర్రాల మధ్య ఉంచడానికి నిదానస్తుడైన ముసలి గుర్రం కావాలట. పెద్దతల లేకపోతే పిల్లలు పిరికివిగా తయారవుతున్నాయట. లారీ ఎలాగూ వెనక్కి పోతోంది." నవ్వాడు. "వినపడకపోతేనేం? పిల్లల గోల భరించడానికి అదే మేలు."

మేడమ్ ఫోను తీసుకుని అవతలికి నడిచింది. తిరిగొచ్చేసరికి మొహంలో ఎరుపు తగ్గింది. దొడ్డివాళ్ళు ఒప్పుకున్నారని చెప్పింది. కానిస్టేబులమ్మాయి గోల బాబాయి చెయ్యి పట్టుకుని ఊపేసింది. అతను మొహం పక్కకు తిప్పుకుని, అవసరం లేకపోయినా పెద్దాయన జూలు దువ్వడం మొదలుపెట్టాడు.

వెనకనుంచి ఎవరో భుజం తట్టారు. డాక్టరు.

"సారు మూడుసార్లు అడిగారు బాబాయ్" అంది అమ్మాయి. "నీకెన్నాళ్ళ నుంచి అని."

"ఏంటి సార్?"

డాక్టరు తన చెవి చూపించాడు.

నాకేం, బాగానే ఉందనబోయి ఆగిపోయాడు. "మా ఆవిడ చెప్తూనే ఉంది సార్" అన్నాడు నెమ్మదిగా. చెప్పాక, మోస్తున్న డ్రమ్ము దించినట్టు భుజం కాస్త పైకి లేచింది. వచ్చే వారం చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళమని, ఈలోపు చెవుల్లో దూది పెట్టుకోకుండా డ్రమ్ము ముట్టుకోవద్దని మేడమ్ ఆర్డరేసింది.

ఎండ పసుపుపచ్చగా మారే వేళకు లారీ వెనక పలక దించారు. వద్దన్న రెండు కుర్ర గుర్రాలూ అప్పటికే లోపల ఉన్నాయి. ఇంజను గర్జనకు ఒకటి వణుకుతోంది, ఇంకోటి చెక్కను తన్నుతోంది. గోల బాబాయి పగ్గం పట్టుకుని ముందు నడిచాడు. పెద్దాయన తన గదిలోకి వెళ్ళినంత మామూలుగా పలక ఎక్కి, ఆ రెండింటి మధ్య నిలబడి, కళ్ళు సగం మూశాడు. వణుకుతున్నది కాసేపు చూసి ఆయన మెడ మీద గడ్డం ఆనించింది. చెక్క మీద తన్నులు తగ్గాయి, ఆగిపోయాయి.

ఏమన్నా చెప్పాలనిపించింది గోల బాబాయికి. చెప్పినా వినపడదు. అరచెయ్యి గుర్రం ముక్కు ముందు పెట్టాడు. వెచ్చటి ఊపిరి రెండుసార్లు చేతిని తడిపింది. దిగి, పలక ఎత్తి గొళ్ళెం వేశాడు. లారీ గేటు దాటి మలుపు తిరిగాక కూడా కానిస్టేబులమ్మాయి చెయ్యి ఊపుతూనే ఉంది.

రేపటి నుంచి ఎర్రదాన్ని పెద్దాయన గదిలో కట్టేయాలి. చీపురు తీసుకుని వెళ్ళి పాత గడ్డి బయటికి లాగాడు, గచ్చు కడిగాడు. పని చేస్తుంటే చాలా నెలల తర్వాత ఆకలి తెలిసింది. పెద్దాయన నాకడానికి తలుపు చాటున గోడకు వేలాడదీసిన ఉప్పుగడ్డను మాత్రం తీయలేకపోయాడు. నాకీ నాకీ దాని నడుమ ఒక నాలుక పట్టేంత నున్నటి పల్లం ఏర్పడింది, ఆ పల్లంలో తడి ఇంకా ఆరలేదు.